పుస్తకమున కెక్కని పతకములు

(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చదువబడిన ఉపన్యాసము)

  

విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు నిన్నటి దినమున సవిస్తరముగా ముచ్చటించియున్నారు. మాకు అప్పగింపబడిన విషయము వానివలె అందరి ఇండ్లకును సంబంధించినది కాదు. పూర్వసైనికుల కాగితములను పరిశీలించు ఉపసంఘము వారముగా మేము కొన్ని సంవత్సరములనుండి చూచుచున్నదానిని మీ యెదుట పెట్టుటయే మా పని. ఇందు మా తప్పు కూడ నొకటి కలదు. దానిని దాచము.

పతకమనగా రొమ్మున వ్రేలాడు లోహపుబిళ్ళయని మనము తలంతుము. సైన్యము వారి దృష్టిలో పతకము మొదట నొక వ్రాత, పిమ్మటనే లోహము. సిపాయి యే పటాలమున పని చేయుచుండునో ఆ పటాలము వారు, ఫలానా నంబరు గల ఫలానావాడు ఫలానా పతకమునకు అర్హుడని ఒక ఉత్తరువు ప్రకటింతురు. దానికి పార్టు టూ ఆర్డరని పేరు. ఆ ఉత్తరువు రికార్డు కార్యాలయమునకు పోవును. అచ్చటి గుమాస్తా దానిని చూచి సిపాయి షీట్ రోలులో ఒక పంక్తి వ్రాయును. సిపాయి కొలువు చాలించి యింటికి వచ్చునాడు, ఆ షీట్ రోలును బట్టి డిశ్చార్జి బుక్కు నింపి చేతికిత్తురు. ఈ గొలుసులో ఒక్క కడియము తెగినను చివరనున్న పుస్తకమున ఆ పంక్తి యుండదు. పుస్తకమున పంక్తి లేనిచో ఆతడు మంటలలో నడచి వచ్చినను నడవనివాడే.

ఇందొక సూక్ష్మము కలదు. 1971వ సంవత్సరపు యుద్ధమునకు ప్రభుత్వము వారు పతకములను రెండు తరగతులుగా నేర్పరచిరి. ఆ కాలమున సైన్యమునందున్నవారికి, దేశమున ఏ మూల పని చేసినను, సంగ్రామ మెడలు లభించును. యుద్ధభూమికి పోయినవారికి దానితోపాటు, తూర్పుననైన పూర్వీ స్టారు, పడమటనైన పశ్చిమీ స్టారు లభించును. 1965వ సంవత్సరపు యుద్ధమునకును ఇట్లే రక్షా మెడలనియు, సమర సేవా స్టారనియు రెండు గలవు. కావున ఒకనికి సంగ్రామ మెడలుండి స్టారు లేనిచో పుస్తకము ఊరకుండుటలేదు. ఈతడు యుద్ధమునకు పోలేదని చెప్పుచున్నది. లేని పంక్తి యబద్ధమాడుటయన నిదియే.

మన కులమునుండి సైన్యమునకు పోయినవారిలో పెక్కురు తుపాకి పట్టి ముందు వరుసను నిలిచినవారు కారు. దానికి కారణము మన పిరికితనము కాదు. 1857 తరువాత దొరలు, యోధజాతులని కొన్నిటిని ఏర్పరచి, ఉత్తరదేశమువారినే యెక్కువగా చేర్చుకొనుచు వచ్చిరి. దక్షిణాది పటాలములు ఒకటి తరువాత నొకటి రద్దయ్యెను. మద్రాసు రెజిమెంటు మరల తలయెత్తినది రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లోనే. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమువలె ఊరంతయు సైన్యమునకు పోయి, మిలిటరీ మాధవరమని పేరు దెచ్చుకొన్న గ్రామములు మన దేశమున అరుదు. తక్కిన యూళ్ళవారు దొరికిన కొలువున చేరిరి. లారీ నడపిరి, వంతెనలు కట్టిరి, వంట చేసిరి, తీగెలు లాగిరి. ఇట్టి పనులవారిని ఒక పటాలమునుండి మరియొక పటాలమునకు ఎరువిచ్చుట సైన్యమున పరిపాటి. పుస్తకమున పంక్తి జారిపోవుటకు ఇంతకంటె అనువైన తావు లేదు.

మేమెరిగిన యొక పెద్దమనిషి వృత్తాంతము చెప్పెదము. పేరు చెప్పము, ఊరిలో నందరును సిపాయి తాతయనియే పిలిచెడివారు. ఆయన 1966లో చేరి లారీ డ్రైవరయ్యెను. ఆయన కంపెనీ మధ్యభారతమున నొక కంటోన్మెంటులో నుండెను. 1971 అక్టోబరులో ఆ కంపెనీ నుండి కొన్ని లారీలను, వానితో డ్రైవర్లను రైలుబండిపై పఠాన్‌కోటకు పంపి, అచ్చటి మరియొక దళమునకు అప్పగించిరి. డిసెంబరు 3వ తేది రాత్రి యుద్ధము మొదలయ్యెను. 17వ తేదిని పడమటి సరిహద్దున కాల్పులు నిలిచెను. ఆ పదునాలుగు దినములును ఈయన షకర్‌గఢ్ వైపున, దీపములు లేని దారులలో, ముందరి లారీ వెనుకభాగమున పూసిన తెల్లరంగు గుర్తును చూచుకొనుచు మందుగుండు సామగ్రి మోసెను. దారికిరుప్రక్కల పాతిపెట్టిన మందుపాతరలు. తెల్లని నాడా కట్టిన హద్దు దాటిన చక్రము మరల కానరాదని ఆయన చెప్పెడివాడు. ఒకనాటి రాత్రి వెనుకవచ్చు లారీ యట్లే పోయినది. ఆ డ్రైవరు పేరును తలంచుకొన్నప్పుడెల్ల ఈయన మాట మధ్యలో నిలిచిపోయెడిది.

యుద్ధానంతరము తిరిగి తన కంపెనీకి వచ్చెను. ఆ కంపెనీ యుద్ధభూమికి పోలేదు గనుక దానివారు స్టారునకు పేర్లు వ్రాయలేదు. ఎరువు తీసికొన్న దళమువారు తమ లెక్కలోనివారి పేర్లు వ్రాసికొనిరి; ఈయన వారి లెక్కలోనివాడు కాడు. ఇరువురును మరచిరనుటకంటె, ఎవరికి వారు రెండవవారు వ్రాసియుందురని తలంచిరనుట న్యాయము. ఇందు ద్వేషమేమియు లేదు. ద్వేషమే యుండినచో ఎదిరించుటకు ఒక మనిషియైన దొరకెడివాడు.

1975లో తల్లి మంచము పట్టుటచేత స్వంత కోరికపై కొలువు చాలించుకొని వచ్చెను. పదునైదేండ్లు నిండలేదు గనుక పింఛను లేదు. డిశ్చార్జి బుక్కున సంగ్రామ మెడలు కలదు; స్వాతంత్ర్యపు ఇరువదియైదవ వార్షికోత్సవ పతకము కలదు; స్టారు లేదు. మరుసటి యేడు బడిపంతులుచేత నొక అర్జీ వ్రాయించి పంపెను. ప్రత్యుత్తరము రాలేదు. పొలము, పశువులు, పిల్లల పెండ్లిండ్లు; ఇరువది రెండేండ్లు గడచెను.

1998లో మరల వ్రాయించెను. ఈమారు ప్రత్యుత్తరము వచ్చినది, ఇంగ్లీషున. దానిని మడతపెట్టి పట్టుకొని ఆయన మన సంఘ కార్యాలయమునకు వచ్చెను. అప్పుడు వసతిగృహమునకు కప్పు వేయుచుంటిమి. చందాల లెక్కలు, సిమెంటు బస్తాల లెక్కలు. మాలో నొకడు ఆ కాగితమును పైపైన చదివి, "ఋజువులు అడుగుచున్నారు తాతా" అనెను. "ఏమి ఋజువులు నాయనా?" అని ఆయన యడిగెను. "యుద్ధమునకు పోయినట్లు ఋజువులు." ఆయన కొంచెముసేపు నిలువబడి, "మంచిది" అని కాగితము మరల మడిచి జేబున పెట్టుకొని వెడలిపోయెను. ఆ కాగితమున రెండవ పేరాలో, ఏ దళమునకు అప్పగింపబడితివో, ఏ తేదీలలోనో తెలుపుడు, విచారించెదము అని స్పష్టముగా వ్రాసియుండెను. దానిని మేము 2022లో చదివితిమి.

ఆ రెండవ పేరా ఎంత విలువైనదో చెప్పవలసియున్నది. సైన్యపు నిబంధనల ప్రకారము, పింఛను గలవారి సేవాపత్రములను ఏబది సంవత్సరములు భద్రపరతురు. పింఛను లేనివారివి ఇరువదియైదు సంవత్సరములే. ఆ గడువు దాటిన పిమ్మట వానిని నాశనము చేయుదురు. మన సిపాయి 1975లో విడుదల పొందెను. 1998లో మేము ఆ యుత్తరము సరిగా చదివియుండినచో ఆయన షీట్ రోలు ఇంకను బీరువాలో నుండెడిది. గడువునకు రెండేండ్లు మిగిలియుండెను. వసతిగృహమునకు కప్పు పడినది, అది మంచిపనియే. కాని అరగంట కాలము ఆ వృద్ధునికి ఈయలేకపోయితిమి.

ఆయన మరల మా వద్దకు వచ్చినది తనంతట కాదు. 2021లో ఆ యుద్ధమునకు ఏబదియేండ్లు నిండినందున పలుచోట్ల సన్మానములు జరిగెను. మా ప్రాంతమున జరిగిన సభలో పూర్వసైనికులను పుస్తకములు చూచి రెండు వరుసలుగా కూర్చుండబెట్టిరి. యుద్ధమున పాల్గొన్నవారు ముందు, తక్కినవారు వెనుక. సిపాయి తాతను వెనుక కూర్చుండబెట్టిరి. ఆయన యేమియు ననలేదు. శాలువ కప్పించుకొని, ఫలహారము మనుమరాలి కొరకు పొట్లము కట్టుకొని యింటికి వచ్చెను. ఆ పిల్ల మాత్రము, "తాత యుద్ధము కథలన్నియు అబద్ధములా?" అని తల్లి నడిగినది. తల్లి ఆ మాట మాకు చెప్పినది. అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు.

సమాచారహక్కు చట్టము 2005వ సంవత్సరమున వచ్చినది. పది రూపాయల పోస్టలార్డరుతో నెవరైనను తమ సేవాపత్రముల నకలు కోరవచ్చును. కోరితిమి. ప్రత్యుత్తరము మర్యాదగానే యుండెను: షీట్ రోలు నిబంధనల ప్రకారము నాశనము చేయబడినది, లాంగ్ రోలను పెద్ద పుస్తకము మాత్రము మిగిలియున్నది, అందు చేరిన తేదియు, విడుదలయైన తేదియు, కారణమును గలవు. అనగా తొమ్మిదేండ్ల జీవితమునకు ఒక్క పంక్తి.

ఇట్టి స్థితిలో పనికివచ్చునని ఒక యమెరికా సంగతి చెప్పెదము. ఆ దేశమున సైనికుల పత్రములన్నియు సెంట్ లూయీ నగరము చెంత నొక పెద్ద భవనమున నుంచిరి. 1973 జూలై 12వ తేదిని అర్ధరాత్రి దాటిన పిమ్మట దాని పై యంతస్తున నిప్పంటుకొనెను. ఒకటిన్నర కోటికి మించిన సైనికుల పత్రములు కాలిపోయెను. నకళ్ళు లేవు, ఎవరెవరివి పోయినవో తెలుపు పట్టికయు లేదు. 1912 మొదలు 1960 వరకు సైన్యమునుండి విడుదలయైనవారిలో నూటికి ఎనుబదిమంది కాగితములు బూడిదయైనవి. ఆ దేశమువారు ఇక చేయునది లేదని చేతులు ముడుచుకొనలేదు. నీట నానినవానిని ఆరబెట్టిరి. జీతపు చీటీలు, కంపెనీలలో ప్రతి యుదయమును వ్రాయు హాజరు నివేదికలు, ఇతర కార్యాలయములలోని దస్త్రములు వెదకి, కాలిపోయిన సేవను మరల కూర్చుచు వచ్చిరి.

అట్లు కాలినవానిలో వేవర్లీ వుడ్సన్ అను నల్లజాతి కార్పొరలు పత్రములును గలవు. ఈతడు వైద్యసహాయకుడు. 1944 జూన్ 6వ తేదిని నార్మండీ యందలి ఒమాహా తీరమున దిగునప్పుడే గాయపడెను. తన గాయము కట్టించుకొని, ముప్పది గంటలు నిద్రాహారములు లేక రెండువందల మందికి తక్కువ కాకుండ చికిత్స చేసి తుదకు తానే కూలెను. అతనికి గొప్ప పతకము నీయవలెనని పై యధికారులు యోచించినట్లు ఆనాటి ప్రభుత్వోద్యోగులు తమలో వ్రాసికొన్న చీటి యొకటి తరువాత దొరకినది. ఐనను అతనికి వచ్చినది బ్రాంజు స్టారు, గాయపడినవారికిచ్చు పర్పుల్ హార్టు మాత్రమే. ఆ యుద్ధము జరిగిన కాలమున అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఒక్క నల్లవానికిని దక్కలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చునప్పటికి వారిలో బ్రతికియున్నవాడు ఒక్కడే. వుడ్సన్ 2005లో గతించెను. అతని భార్య పట్టు విడువలేదు. ఒక గ్రంథకర్త్రి దస్త్రములు వెదకినది. ఒక సెనేటరు తోడుపడెను. 2024లో, ఎనుబదియేండ్లకు, రెండవ తరగతి శౌర్యపతకమైన డిస్టింగ్విష్డ్ సర్వీసు క్రాసు అతని పేర ప్రకటింపబడి, ఆ వృద్ధురాలి చేతికి వచ్చినది. ఆమె కోరినది అంతకంటె పెద్దదే.

అచ్చట నిప్పు చేసినపనిని ఇచ్చట గడువు చేసినది. మా కంటికి భేద మంతియే. కావున కాలిన పత్రములకు వారు చేసినట్లే, నాశనమైన పత్రమునకు మేమును చేయ మొదలిడితిమి. తాత మిలిటరీ ట్రంకుపెట్టె తెరచితిమి. అడుగున చీర ముక్కలో చుట్టి, ఆయన భార్య, మా బామ్మగారు, దాచిన యుత్తరములు ముప్పదికి పైగా నుండెను. వానిలో చిరునామా 56 ఏ.పీ.ఓ. అని యుండుట ఋజువు కాదు. అది ఉత్తరాదిన పెక్కు సేనలకు ఉమ్మడి చిరునామా. కాని ఉత్తరముపై పడు ఫీల్డు పోస్టాఫీసు ముద్రలో ఆ తపాలా కార్యాలయపు సంఖ్యయు, తేదియు నుండును. అది యే సేనతో నుండెనో సైన్యమువారే తేల్చగలరు. డిసెంబరు నాటి ముద్ర స్పష్టముగా నున్న యుత్తరము ఒక్కటి దొరకినది. దానిలో యుద్ధము మాటయే లేదు. ఎర్ర ఆవు ఈనెనా, అమ్మకు మందు తెచ్చిరా, ఇచ్చట చలి యెక్కువ, అని యున్నది. బామ్మగారు అది చదివించుకొని, "ఆవు ఈనిందని నేను రాసిన ఉత్తరం అందిందో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు" అనిరి.

రెండవది సాక్షి. ఎరువు తీసికొన్న దళమున పనిచేసిన నాయకొకరు తమిళదేశమున వెల్లూరు చేరువ నున్నారని తాత జ్ఞాపకమును బట్టి వెదకి పట్టుకొంటిమి. వారి పుస్తకమున పశ్చిమీ స్టారు కలదు. ఇరువురును ఏబదియొక్క సంవత్సరముల తరువాత టెలిఫోనున మాటలాడిరి. ఒకరికి తమిళము, ఒకరికి తెలుగు. నడుమ పటాలపు హిందీ. ఆ పాతరపై పోయిన డ్రైవరు పేరు ఇరువురును ఒక్కసారే పలికిరి. నోటరీ యెదుట ప్రమాణపత్రము వ్రాసి పంపిరి. ఇవి రెండును జతచేసి, ఆ దళపు యుద్ధదినచర్యలో ఎరువు లారీల ప్రస్తావన యున్నదేమో చూడుడని కోరుచు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా అర్జీ పంపితిమి. 2023లో సిపాయి తాత స్వర్గస్థుడయ్యెను. వారసురాలిగా బామ్మగారి వ్రేలిముద్రతో అర్జీ సాగుచున్నది. పని కానిచో చెన్నపురిలోని సాయుధదళముల ట్రిబ్యునలునకు పోవుటకు వకీలుగారితో నాలోచించుచున్నాము. అగునని మేము మాట యీయజాలము.

ఈ సందర్భమున కొన్ని మాటలు నిష్ఠురముగా చెప్పవలసియున్నది. మా వద్దకు వచ్చువారిలో కొందరు, మా తండ్రికి వీరచక్రము రావలసియుండెను, ఇప్పించుడని యడుగుదురు. సేవచేత లభించు పతకము వేరు, శౌర్యమునకిచ్చు పతకము వేరు. మొదటిది హక్కు, అచ్చట ఆ దినమున నుండెనని చూపిన చాలును. రెండవది ఆనాటి పై యధికారి ఆనాడే వ్రాసిన సిఫారసుపై నాధారపడును. అది లేక యేండ్లు గడచిన పిమ్మట అర్జీలు పెట్టించి, ఆశలు పుట్టించి, ముసలివారిచేత కచేరీల మెట్లెక్కించుట మాకు సమ్మతము కాదు. వుడ్సన్‌గారికి వచ్చినదన్నచో ఆనాటి చీటి దొరకుటయు దానికి తోడైనది.

మరికొందరు కంటోన్మెంటు బజారులో నమ్ము నకలు పతకములు కొని తగిలించుకొందురు. అసలు పతకము వచ్చుట ఆలస్యమైనందున అర్హులును అట్లు కొనుట కలదు. వారిని మేము తప్పుపట్టము. కాని ప్రభుత్వము వారి పతకపు అంచున సిపాయి నంబరును పేరును చెక్కియుండును. బజారు పతకము అంచు నున్నగా నుండును. అర్హత లేక దానిని ధరించినవాడు దొరకినచో, ఆ తరువాత న్యాయముగా నడుగువారి యర్జీని గూడ గుమాస్తా అనుమానముతోనే చూచును. సిపాయి తాతకు బజారు స్టారు కొనిపెట్టెదనని కుమారుడనగా ఆయన వలదనెను.

పనికివచ్చు సంగతి యింకొకటి. 2000 సంవత్సరమునకు తరువాత పింఛను లేక విడుదలయైన మన పిల్లలు అక్కడక్కడ నున్నారు. వారి యిరువదియైదేండ్ల గడువు ఇప్పుడిప్పుడే తీరుచున్నది, కొందరికి తీరలేదు. వారు కార్గిలు కాలమునను, 2001-02లో సరిహద్దున మోహరించినప్పుడును ఎచ్చటెచ్చటికి ఎరువు పోయిరో, పుస్తకమున నున్నదో లేదో నేడే చూచుకొనవలెను. పదేండ్ల తరువాత చూతమనువానికి మేము చేయగలిగినది తక్కువ. పింఛను గల పెద్దలలో 1970 ప్రాంతమున విడుదలయైనవారి ఏబదియేండ్లును నిండుచు వచ్చినవి. వారి భార్యలు, కుమారులు షీట్ రోలు నకలు ముందుగా కోరియుంచుట మేలు. పాత యుత్తరములు, మనియార్డరు రసీదులు, సెలవు చీటీలు, ఆసుపత్రి కాగితములు చెత్తయని పారవేయకుడు. ఉత్తరము దాచి కవరు పారవేయుట చాలమంది చేయుచున్నారు. ముద్ర కవరుపైననే యుండును.

సభామండపమునకు తూర్పున, భోజనశాల కెదురుగా మా బల్ల వేయబడియున్నది. మధ్యాహ్న భోజనానంతరమునుండి దీపములు పెట్టువరకు మేమచ్చట నుందుము. ఇంగ్లీషు, హిందీ చదువగల పిల్లలు నలుగురు మాతో గూర్చుందురు. ఏ కాగితము తెచ్చినను రెండవ పేరా వరకును, దాని తరువాతి పేరాలును చదివి అర్థము చెప్పవలెనని వారికి చెప్పియుంటిమి. నకళ్ళు తీయు యంత్రము కూడ తెప్పించితిమి. డిశ్చార్జి బుక్కులు తెచ్చినవారు నకలు మాకిచ్చి, అసలు పుస్తకమును మరల తమ సంచిలో పెట్టుకొని పోవలెను. అసలును ఎవరికిని, మాకు సహితము, ఇచ్చి పోవలదు.